డైరెక్షనల్ ఎర్త్ ఫాల్ట్ రక్షణ

విద్యుత్ లైనులో ఒక ఫేజు నేలను గానీ, నేలతో కలిసి ఉన్న చెట్టునో టవరునో గానీ తాకితే దాన్ని ఎర్త్ ఫాల్ట్ అంటారు. ఆ ఫాల్ట్ తాను కాపలా కాస్తున్న లైను వైపు ఉందో, వెనక బస్‌బార్ వైపు ఉందో తేల్చుకుని, ముందు వైపు ఉంటేనే బ్రేకరును ట్రిప్ చేయించే ఏర్పాటు డైరెక్షనల్ ఎర్త్ ఫాల్ట్ రక్షణ. సబ్‌స్టేషన్లలో దీన్ని పొట్టిగా డీఈఎఫ్ అంటారు. డ్రాయింగుల్లో దీని సంఖ్య 67ఎన్. దిశతో పనిలేని మామూలు ఎర్త్ ఫాల్ట్ రిలేల సంఖ్యలు 50ఎన్, 51ఎన్. ఓవర్‌హెడ్ లైన్ల మీద వచ్చే ఫాల్టుల్లో ఎక్కువ భాగం ఒక్క ఫేజుకూ నేలకూ మధ్య వచ్చేవే కాబట్టి, రక్షణ రిలేలలో దీని పని ఎక్కువ.

దిశ ఎందుకు కావాలో తెలియాలంటే ఒక 132/33 కేవీ సబ్‌స్టేషన్ నుంచి ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కు రెండు 33 కేవీ లైన్లు జంటగా వెళ్తున్నాయనుకోండి. రెండూ చార్జ్‌లోనే ఉన్నాయి. మొదటి లైనులో అవతలి చివర దగ్గర ఎర్త్ ఫాల్ట్ వచ్చింది. కరెంటు కొంత నేరుగా మొదటి లైను గుండా వస్తుంది. మిగతాది రెండో లైను గుండా చిన్న సబ్‌స్టేషన్ బస్‌కు చేరి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి మొదటి లైనులోకి దిగుతుంది. మన దేశంలో 33/11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్లకు 33 కేవీ వైపు డెల్టా వైండింగ్ ఉంటుంది. అక్కడ ఎర్త్ చేసిన న్యూట్రల్ లేదు కాబట్టి, రెండో లైను నుంచి వచ్చిన ఎర్త్ ఫాల్ట్ కరెంటు అంతా మొదటి లైనులోకే పోవాలి. అంటే చిన్న సబ్‌స్టేషన్‌లో ఉన్న రెండు రిలేలూ సరిగ్గా అన్నే ఆంపియర్లు చూస్తాయి. సెట్టింగు ఎంత పెట్టినా, టైము ఎంత మార్చినా, ఆంపియర్లను బట్టి చెడిన లైనేదో, మంచి లైనేదో చెప్పడం ఆ రెండు రిలేలకూ సాధ్యం కాదు. తేడా ఒక్కటే: మొదటి లైను రిలేలో కరెంటు బస్ నుంచి లైనులోకి పోతోంది, రెండో దానిలో లైను నుంచి బస్‌కు వస్తోంది. ఈ తేడా పట్టుకున్న 67ఎన్ రిలే మొదటి లైను బ్రేకరునే తీస్తుంది. రెండో లైను ఊళ్లకు కరెంటు ఇస్తూనే ఉంటుంది. రింగ్ మెయిన్లకూ, రెండు వైపుల నుంచీ జనరేషన్ ఉన్న లైన్లకూ ఇదే అవసరం.

ఆల్టర్నేటింగ్ కరెంటుకు దానంతట దానికి దిశ ఉండదు. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు ఎటు పోతోందో చెప్పాలంటే పక్కన ఒక కొలమానం ఉండాలి. డీఈఎఫ్‌కు కావలసిన కరెంటు మూడు ఫేజుల సీటీల మొత్తం నుంచి వస్తుంది. అన్ని ఫేజులూ సమంగా ఉన్నంతసేపు ఆ మొత్తం సున్నా. ఎర్త్ ఫాల్ట్ రాగానే మిగిలేదే రెసిడ్యువల్ కరెంటు. చార్లెస్ ఫోర్టెస్క్యూ 1918లో ప్రతిపాదించిన సిమెట్రికల్ కాంపొనెంట్ల లెక్కలో ఇది జీరో సీక్వెన్స్ కరెంటుకు మూడు రెట్లు. కొలమానంగా నిలిచేది రెసిడ్యువల్ వోల్టేజి. దీన్ని పోలరైజింగ్ వోల్టేజి అంటారు. పాత పద్ధతిలో ఇది పీటీ ఓపెన్ డెల్టా వైండింగ్ నుంచి వస్తుంది. అందుకు మూడు సింగిల్ ఫేజ్ పీటీలు గానీ, ఐదు లింబుల పీటీ గానీ ఉండాలి, ప్రైమరీ స్టార్ పాయింటును ఎర్త్ చేయాలి. మూడు లింబుల పీటీలో జీరో సీక్వెన్స్ ఫ్లక్స్‌కు తిరుగుదారి ఉండదు కాబట్టి అది పనికిరాదు. ఇప్పటి న్యూమరికల్ రిలేలు మూడు ఫేజుల వోల్టేజీలు తీసుకుని మొత్తం తామే లెక్కగడతాయి.

వోల్టేజికీ కరెంటుకూ మధ్య ఎంత కోణం ఉంటే ‘ముందు’ అనాలో చెప్పే సెట్టింగు రిలే క్యారెక్టరిస్టిక్ యాంగిల్. అది న్యూట్రల్‌ను ఎలా ఎర్త్ చేశారన్న దాన్ని బట్టి మారుతుంది. మన రాష్ట్రాల్లో లాగా న్యూట్రల్‌ను నేరుగా ఎర్త్ చేసిన వ్యవస్థలో కరెంటు వెనకబడుతుంది కాబట్టి, పంపిణీ లైన్లకు మైనస్ 45 డిగ్రీలు, ట్రాన్స్‌మిషన్ లైన్లకు మైనస్ 60 డిగ్రీలు పెట్టడం వాడుక. రెసిస్టెన్స్ ద్వారా ఎర్త్ చేస్తే 0 డిగ్రీలు. న్యూట్రల్‌ను అసలు ఎర్త్ చేయని చోట పారేది కేబుళ్ల కెపాసిటెన్స్ కరెంటే. అక్కడ 90 డిగ్రీల ఎడం చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీలో వాల్డెమార్ పీటర్సన్ రూపొందించిన కాయిల్‌తో ఎర్త్ చేసిన వ్యవస్థల్లో ఆ కెపాసిటెన్స్ కరెంటును కాయిల్ దాదాపు చల్లారుస్తుంది. మిగిలిన కొద్దిపాటి రెసిస్టివ్ భాగాన్నే రిలే పట్టుకోవాలి. దాన్ని వాట్‌మెట్రిక్ పద్ధతి అంటారు. యూరప్‌లో ఇది విస్తారంగా ఉంది.

డీఈఎఫ్‌కున్న గొప్ప గుణం ఒకటి చాలామంది గమనించరు. ఫాల్ట్ ముందు వైపు ఉన్నప్పుడు, రిలే చూసే రెసిడ్యువల్ వోల్టేజికీ కరెంటుకూ మధ్య కోణాన్ని నిర్ణయించేది రిలే వెనక ఉన్న సోర్సు జీరో సీక్వెన్స్ ఇంపెడెన్స్ మాత్రమే. చెట్టు కొమ్మ తగిలినా, ఎండిన రాతినేల మీద తీగ పడినా, ఫాల్ట్ దగ్గరి రెసిస్టెన్స్ కరెంటును తగ్గిస్తుంది గానీ ఆ కోణాన్ని మార్చదు. డిస్టెన్స్ రిలేకు ఈ వెసులుబాటు లేదు. రెసిస్టెన్స్ పెరిగేకొద్దీ ఫాల్ట్ దాని పరిధి దాటిపోతుంది. అందుకే 132, 220, 400 కేవీ లైన్లలో డిస్టెన్స్ రక్షణ ఉన్నా, దాని వెనక డీఈఎఫ్‌ను బ్యాకప్‌గా ఉంచుతారు. పేరుకు బ్యాకప్ అయినా, హై రెసిస్టెన్స్ ఫాల్టులకు నిజమైన దిక్కు ఇదే.

దీనికీ హద్దులున్నాయి. రెసిడ్యువల్ వోల్టేజి ఫాల్ట్ దగ్గర ఎక్కువగా, ఎర్త్ చేసిన న్యూట్రల్ దగ్గరికి వచ్చేకొద్దీ తక్కువగా ఉంటుంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లున్న స్టేషన్‌లో, దూరపు ఫాల్టుకు అది ఒకటి రెండు వోల్టులు కూడా రాకపోవచ్చు. అలాంటి చోట ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ సీటీ కరెంటునో, నెగటివ్ సీక్వెన్స్ వోల్టేజినో కొలమానంగా తీసుకుంటారు. ఒకే టవర్ల మీద నడిచే రెండు సర్క్యూట్ల మధ్య జీరో సీక్వెన్స్ ప్రేరణ బలంగా ఉంటుంది. పక్క సర్క్యూట్ ఫాల్టుకు ఈ లైను రెండు చివరలా రిలేలు ‘ముందే’ అని పొరబడే పరిస్థితి దానివల్లే వస్తుంది. అక్కడా నెగటివ్ సీక్వెన్సే మేలు. పీటీ ఫ్యూజు ఒకటి పోతే లేని రెసిడ్యువల్ వోల్టేజి పుట్టుకొస్తుంది కాబట్టి ఫ్యూజు ఫెయిల్యూర్‌ను కనిపెట్టే ఏర్పాటు తప్పనిసరి. కేబుల్ చుట్టూ కోర్ బ్యాలెన్స్ సీటీ పెట్టినచోట, ఆర్మర్ కూడా ఆ సీటీ గుండా పోతుంటే, గ్లాండ్ ఎర్త్ తీగను తిరిగి సీటీలోంచే వెనక్కి తేవాలి. తేకపోతే ఫాల్ట్ కరెంటు వచ్చిన దారినే ఆర్మర్‌లో తిరిగిపోయి లెక్క సున్నా అవుతుంది.

అయితే డీఈఎఫ్‌ను పనికిరాకుండా చేసే లోపాల్లో అతి ప్రమాదకరమైనది వైరింగులోనే ఉంటుంది. సీటీ ఎస్1, ఎస్2 తీగలు తారుమారైనా, ఓపెన్ డెల్టా రెండు చివరలు అటుదిటైనా, రిలే ముందును వెనక అనీ, వెనకను ముందు అనీ చదువుతుంది. తన లైనులో ఫాల్ట్ వస్తే కదలదు. పక్క లైనులో వస్తే తన మంచి లైనును తీసేస్తుంది. ఫేజ్ రిలేలలో ఈ తప్పు లోడు ఎక్కగానే బయటపడుతుంది. డీఈఎఫ్‌లో అలా కాదు. లోడు సమంగా ఉన్నంతకాలం దానికి కరెంటూ ఉండదు, వోల్టేజీ ఉండదు. తప్పు ఏళ్ల తరబడి నిద్రపోయి, ఫాల్ట్ వచ్చిన రోజున నిద్రలేస్తుంది.

దానికి విరుగుడు ఉంది, కష్టమైనదీ కాదు. లైను లోడు మీద ఉండగా ఓపెన్ డెల్టాలో ఆర్ ఫేజు పీటీ తీగలను విడదీసి, ఆ చోటును షార్ట్ చేయాలి. విడదీసిన పీటీ వైండింగును మాత్రం షార్ట్ చేయకూడదు. వై, బీ ఫేజుల సీటీలను రిలేకు ముందే షార్ట్ చేసి, ఆర్ ఫేజు కరెంటు ఒక్కటే రిలేలోకి పోనివ్వాలి. ఇప్పుడు రిలే కంటికి ఇది ఆర్ ఫేజు ఎర్త్ ఫాల్ట్. వాట్లు లైనులోకి పోతూ, కరెంటు కొంత వెనకబడి ఉంటే రిలే ‘ముందు’ అనాలి. సీటీ తీగలు తిప్పి ఇస్తే ‘వెనక’ అనాలి. ఈ రెండు జవాబులూ సరిగా వస్తేనే పోలారిటీ సరైనది. కొత్త రిలే పెట్టినా, సీటీ మార్చినా, పీటీ మార్చినా, ప్యానెల్ వైరింగు ముట్టుకున్నా, ఈ పరీక్ష మళ్లీ చేసి ఫలితం రిజిస్టరులో రాసేదాకా ఆ పని పూర్తయినట్టు సంతకం పెట్టకండి.