తుంటి దొరకని కప్ప

తేనెరంగు ముద్ద. లోపల ఓ కప్ప. అంగుళం కూడా లేదు.

ముద్దని పగలగొట్టే వీల్లేదు. పగిలితే లోపలున్నది పొడే. అందుకే ఎక్స్-రే స్కానింగ్. పొర తర్వాత పొర తెరమీదికొచ్చింది. పుర్రె తేలింది. ముందుకాళ్లు తేలాయి. వెన్ను, ఓ వెనక కాలి ముక్క, పక్కనే ఓ పెంకు పురుగు. ఇక నడుం దగ్గరికి రావాలి.

ఆ ముద్ద బర్మా ఉత్తరాన కచ్చిన్ గనుల్లోది. 9.9 కోట్ల ఏళ్ల కిందట అక్కడ చిత్తడి అడవి. మన నేల ఇంకా ఆసియాని తాకనే లేదు. ఓ చెట్టుకి గాటు పడింది, తుమ్మ జిగురులా బంక కారింది, ఆ బంకలో ఓ పిల్లకప్ప చిక్కుకుంది, పైన ఇంకో పొర కారింది, అడవి మట్టిలో కలిసింది, మట్టి రాయైంది, బంక అంబర్ అయింది, కప్ప మాత్రం లోపల అలాగే ఉండిపోయింది.

నడుం దగ్గర ఏమీ కనిపించలేదు.

విడి ఎముకల్ని చూసి కప్ప జాతిని తేల్చేవాళ్లు ముందుగా వెతికేది తుంటి ఎముకనే. అదే లేదు. అయినా 2018 జూన్‌లో శాస్త్రవేత్తలు లిడా షింగ్, డేవిడ్ బ్లాక్‌బర్న్ బృందం దీని పేరు ప్రకటించింది: ఎలక్ట్రోరానా లిమోయే. కప్పలున్న అంబర్ ముక్కలు నాలుగు దొరికితే, కాస్త నిండుగా ఉన్నది ఇదొక్కటే. బంధువులెవరో మాత్రం గట్టిగా తేలలేదు.

మరి మన దగ్గరో? తొలకరి రాత్రి గుడివాడ చేలల్లో, దివిసీమ కాలవ గట్ల మీద కప్పల గోలకి నిద్రపట్టదు. కానీ ఈ ఒండ్రుమట్టి వయసు వేల ఏళ్లే. చచ్చిన కప్ప ఆ తేమకి ఇట్టే కుళ్లిపోతుంది. పాత కప్ప కావాలంటే డెల్టా వదిలి పైకెక్కాలి.

వికారాబాద్ దగ్గర నస్కల్. ఓ లావా చల్లారింది. పైన నీళ్లు నిలిచాయి. కప్పలు చేరాయి. మళ్లీ లావా వచ్చింది!

ఆ రెండు నల్లరాతి పొరల మధ్య చిక్కిన మట్టి వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. దాన్ని జల్లించింది శిలాజాల శాస్త్రవేత్త గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్. మట్టిని నానబెట్టాలి. సన్న జల్లెడలో కడగాలి. మిగిలిన రవ్వ ఆరబెట్టి, మైక్రోస్కోప్ కింద ఒక్కో పలుకూ ఏరాలి. బస్తాల మట్టికి దక్కేది చిటికెడు. ఆ చిటికెడులోనే ఓ పన్ను మెరిసింది.

ఎలకంత జంతువుది. భారతదేశంలో క్రెటేషియస్ కాలపు పాలిచ్చే జంతువు దొరకడం అదే మొదలు. 1988లో అశోక్ సాహ్నీతో కలిసి ప్రసాద్ దాన్ని నేచర్ పత్రికలో ప్రకటించారు. అదే మట్టిలో కప్పలూ ఉన్నాయి, మిల్లీమీటర్ల ఎముకలుగా. ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్-క్లోడ్ రాజ్‌తో ఆయన వాటిని ఏళ్ల తరబడి చదివారు. నస్కల్ కప్పల మీద వాళ్ల వివరమైన వ్యాసం 2004లో వచ్చింది. అంబర్ కప్ప అందం అందమే గానీ, నిబ్బరంగా చేసిన పనికి నా ఓటు నస్కల్ జల్లెడకే.

గుజరాత్ వాస్తాన్ లిగ్నైట్ గనిలో 5 కోట్ల ఏళ్లు దాటిన ఓ కప్ప ఎముకలు దొరికాయి. 2013లో దానికి పెట్టిన పేరు ఇండోరానా ప్రసాది. ఆ ప్రసాద్ ఈయనే.