ఇందూరు బిడ్డ పీజీకి పోవాలంటే

బోధన్ చుట్టుపక్కల చెరుకు నరికేది చలికాలంలో. ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ రావాలి, కూలీలు దొరకాలి, నరికిన చెరుకు బండికెక్కాలి, కాటా మీద తూకం కావాలి. బిల్లు చేతికొచ్చేది ఆ తర్వాత. యూనివర్సిటీలో అడ్మిషన్లేమో వానకాలంలో. చేలో చెరుకు ఇంకా గనుపులు కడుతున్న రోజుల్లోనే కొడుక్కి హాస్టల్ డిపాజిట్ కట్టాలి. మా ఇంట్లో అన్న ఎమ్మే చదివిన రెండేళ్లూ ఇదే వరస. ఎరువుల షాపాయన దగ్గర చేబదులు తెచ్చి డిపాజిట్ కట్టడం, బిల్లొచ్చిన రోజు ఇంటికి రాకముందే దుకాణానికి పోయి ఆ బాకీ తీర్చడం. మా నాయన ఆ లెక్క ఎక్కడా రాసుకోలేదు. తేదీతో సహా నోటికుండేది.

విశ్వవిద్యాలయాల చరిత్ర రాసేటప్పుడు భవనాలు, ఫర్మానాలు, వైస్ ఛాన్సలర్ల పేర్లు వస్తాయి. రావాలి కూడా. కానీ మన దగ్గర పైచదువు చదివినవాళ్లను ఎవరినైనా కదిపి చూడండి. మొదట చెప్పేది గది సంగతి, మెస్సు సంగతి. సీటు రావడం ఒక ఎత్తయితే, చదివినన్నాళ్లూ తినడానికింత అన్నం, పడుకోవడానికి చోటు దొరకడం ఇంకో ఎత్తు. మా ఇందూరు, అంటే నిజామాబాద్ జిల్లా పైచదువుల కథను నేను ఆ రెండో వైపు నుంచే చెప్పదలచుకున్నాను.

ఈ నేలకు నీళ్లు ముందొచ్చాయి, తర్వాత చక్కెర వచ్చింది, చదువు చాలా ఆలస్యంగా వచ్చింది. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931కి పూర్తయింది. దాని కింద చెరుకు పెరిగింది. ఆ చెరుకు కోసం 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ ఏర్పడిన బస్తీకి పేరే షక్కర్‌నగర్. ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్ద చక్కెర కర్మాగారమని చెప్పుకునేవారు. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు వర్ని, కోటగిరి, రుద్రూర్ వైపు భూములు కొని స్థిరపడిన చోట్లను ఇప్పటికీ ‘క్యాంపు’ అనే పిలుస్తాం. ఇంత సంపద పండిన జిల్లాలో గిరిరాజ్ ప్రభుత్వ కళాశాల వచ్చింది 1956లో. అదీ డిగ్రీ వరకే. ఆపైన చదవాలంటే హైదరాబాద్ పట్నం రైలెక్కాల్సిందే.

పట్నంలో ఉన్నది ఉస్మానియా. 1917లో ఫర్మానా వెలువడింది, 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. తొలినాళ్లలో బోధన అంతా ఉర్దూలో. సైన్సూ, చరిత్రా ఉర్దూలో చెప్పడానికి ఒక అనువాద విభాగమే పెట్టారు. తెలుగు పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు అక్కడ నెగ్గుకు రావాలంటే ఉర్దూ గట్టిగా రావాలి, పట్నంలో తలదాచుకునే చోటుండాలి. ఆ చోటు కోసమే అదే 1918లో రెడ్డి హాస్టల్ మొదలైంది. కొత్వాల్ రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి దాని వెనుక నిలబడ్డారు. సురవరం ప్రతాపరెడ్డి దాని బాధ్యతలు చూశారు. రావి నారాయణరెడ్డి వంటివారు అక్కడుండి చదువుకున్నారు. విశ్వవిద్యాలయం, హాస్టల్ ఒకే ఏడు పుట్టడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం. జిల్లాల పిల్లలకు తరగతి గదితో పాటు పడుకునే గది కూడా కావాలని ఆనాటి పెద్దలు గుర్తించారు. ఆ హాస్టల్ ఒక కులం పేరుతో వెలసిందన్నదీ మరిచిపోకూడదు. ఏ అండా లేని కులాల పిల్లలు అలాంటి చోటు కోసం ఇంకా ఎన్నో ఏళ్లు ఎదురు చూడాల్సి వచ్చింది.

హాస్టల్ గది ఎంత విలువైందో 1938 చెబుతుంది. ఉస్మానియా హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడటం మొదలుపెట్టారు. అధికారులు వద్దన్నారు. పిల్లలు మానలేదు. హాస్టళ్ల నుంచి, కాలేజీల నుంచి వాళ్లను వెళ్లగొట్టారు. ఏడాది మధ్యలో పెట్టె, బిస్తరు పట్టుకుని రోడ్డున పడ్డ ఆ పిల్లలకు నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపు తీసింది. అప్పటి వైస్ ఛాన్సలర్ టి.జె. కేదార్ వాళ్లను చేర్చుకున్నారు. హైదరాబాద్ రాజ్యం నుంచి అలా నాగపూర్ బాట పట్టినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. తనది కాని రాజ్యం పిల్లలను అక్కున చేర్చుకున్న ఆ మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఇంకొంచెం పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఆర్ట్స్ కాలేజీ భవనం ఆ మరుసటి ఏడు, 1939 డిసెంబర్ 4న ప్రారంభమైంది. ఆ మెట్ల గురించి, కమానుల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. తెలుగు శాఖ గురించి ఒక్క మాట చెబుతాను. రాయప్రోలు సుబ్బారావు పాఠాలు చెప్పిన ఆ శాఖలో బిరుదురాజు రామరాజు 1950లలో జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేశారు. ఉస్మానియాలో తెలుగులో తొలి డాక్టరేట్ ఆయనదే. నాట్లేసే ఆడవాళ్ల పాట, బతుకమ్మ పాట విశ్వవిద్యాలయం గడప దాటి లోపలికి పోయింది ఆ పరిశోధనతోనే. ఆ పాటలున్నది లైబ్రరీలో కాదు, ఊళ్లలో. ఊరూరా తిరగాలి, పాడేవాళ్లను పట్టుకోవాలి, విని రాసుకోవాలి. పరిశోధకుడికి దారి ఖర్చులు కావాలన్న మాట మనవాళ్లకు అప్పటి నుంచే తెలుసు.

మా అన్న కాలానికి పట్నం హాస్టళ్లలో ‘నాన్ బోర్డర్’ అన్న మాట స్థిరపడిపోయింది. గది అలాట్ కాకపోయినా స్నేహితుడి గదిలో ఉండేవాడని అర్థం. ఇద్దరికని ఇచ్చిన గదిలో నలుగురు. మంచాలు రెండే. మిగతా ఇద్దరివి చాపలు. నెల ఖర్చును తిన్నవాళ్ల లెక్కతో భాగించి మెస్ బిల్లు వేసేవారు. అన్న మొదటి ఆరు నెలలూ నాన్ బోర్డరే. మెస్ ముగిసే వేళకు పోయి, ఆర్మూర్ వైపు నుంచి వచ్చిన దోస్తు పళ్లెంలోనే తినేవాడట. ఇద్దరూ ఒక పళ్లెం చుట్టూ కూర్చుంటే వడ్డించే అతను ఏమీ అనకుండా ఇంకో గరిటె అన్నం వేసి పోయేవాడు. సెలవులకు వచ్చినప్పుడు అన్న మా అమ్మకు చెప్పిన మాట ఇదొక్కటే. పరీక్షల గురించి ఏం చెప్పాడో మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. గరిటె మాత్రం గుర్తుంది. ఆ తర్వాత ప్రతిసారీ అమ్మ మామిడికాయ తొక్కు రెండు డబ్బాల్లో పెట్టేది, ఒకటి ఆ దోస్తుకు.

పీజీ చదువు జిల్లాలో అడుగు పెట్టింది 1976లో. ఉస్మానియా విశ్వవిద్యాలయం భిక్కనూర్‌లో పీజీ సెంటర్ తెరిచింది. హైవే పక్కన, కామారెడ్డి దాటాక ఉంటుంది. బోధన్ వాళ్లకు అదీ దూరమే. ఇక్కడ దిగి అక్కడ ఎక్కి, రెండు బస్సులు మారాలి. అయినా జిల్లా పేరుతో ఒక పీజీ గేటు నిలబడింది. పట్నం ఖర్చు భరించలేని ఎందరో అక్కడ ఎమ్మెస్సీలు చేసి లెక్చరర్లయ్యారు.

2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చింది. రాష్ట్రం ఏర్పడటానికి ఎనిమిదేళ్ల ముందే ఆ పేరు ఒక బోర్డు మీదికెక్కిందని తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. తొలి రోజుల్లో క్లాసులు గిరిరాజ్ కళాశాలలోనే నడిచాయి. యాభై ఏళ్ల కింద పుట్టిన డిగ్రీ కాలేజీ తన గదుల్లో యూనివర్సిటీకి చోటిచ్చింది. తర్వాత డిచ్‌పల్లి దగ్గర 577 ఎకరాల క్యాంపస్‌కు మారింది. భిక్కనూర్ సెంటర్ దీని సౌత్ క్యాంపస్ అయింది.

ఇందులో అందరికన్నా ఎక్కువ మేలు జరిగింది ఆడపిల్లలకని నా నమ్మకం. కొడుకును నాన్ బోర్డర్‌గా పట్నం పంపిన తండ్రి బిడ్డను అలా పంపడు. డిచ్‌పల్లి అయితే నిజామాబాద్ నుంచి బస్సులో పోయి రావచ్చు. లేడీస్ హాస్టల్ ఉంటే ఇంకా ధైర్యం. మా వాడకట్టులో తొలిసారి ఎమ్మే చదివిన అమ్మాయి ఇక్కడే చదివింది. పీజీ సీట్ల సీపీగెట్ కౌన్సెలింగ్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు వాళ్ల నాన్న సబ్జెక్టు సంగతి అడగలేదు. ‘హాస్టల్ ఇస్తరా బిడ్డా?’ అని అడిగాడు.

యూనివర్సిటీ నిలదొక్కుకుంటున్న కాలంలోనే చక్కెర ఫ్యాక్టరీ కుంగిపోయింది. అంతకుముందే 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది, 2015 డిసెంబర్‌లో లేఆఫ్ పడింది. జీతాలాగిన ఇళ్ల పిల్లలకు పీజీ అంటే స్కాలర్‌షిప్పే ఆధారం. ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ఫీజు ఆర్‌టీఎఫ్‌గా, తిండి ఖర్చు ఎంటీఎఫ్‌గా రావాలి. ఆ రెండు పొట్టి మాటలూ ఇవాళ మా వైపు చదువుకోని తల్లులకు కూడా తెలుసు.

పరిశోధకుల సంగతి ఇంకా కష్టం. జాతీయ స్థాయిలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు. రానివాళ్ల కోసం యూజీసీ ఇచ్చే నెలకు 8,000 రూపాయల ఫెలోషిప్ ఒకటుంది, అది కేంద్రీయ విశ్వవిద్యాలయాలకే. 2015లో దాన్ని ఆపబోతే ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు విద్యార్థులు రోజుల తరబడి బైఠాయించారు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జేఆర్‌ఎఫ్ లేకుండా పీహెచ్‌డీ చేసే పిల్లవాడికి ఆ ఎనిమిది వేలూ లేవు. పొద్దున ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం డిపార్ట్‌మెంటుకు వచ్చి, రాత్రి థీసిస్ రాస్తాడు. ఇది చిన్న కష్టంగా కనిపించొచ్చు. అయిదారేళ్లు అలా నడిపితే అందులో ఎన్ని పేజీలు రాయకుండా మిగిలిపోతాయో చేసినవాళ్లకే తెలుసు. ఆ ఎనిమిది వేలు మన పిల్లలకూ దక్కాలి.

హాస్టల్ తిండి మాటకొస్తే, 2024లో రాష్ట్ర ప్రభుత్వం మెస్ ఛార్జీలు పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. పెంచడం మంచిదే, చాలాకాలం అడిగితే దక్కింది. ముప్పై రోజులకు భాగిస్తే రోజుకు 70 రూపాయలు. పొద్దున టిఫిన్, రెండు పూటలా అన్నం, కూర, పప్పు అందులోనే కావాలి. పూటకు ఇరవై మూడు రూపాయల చిల్లర.

బోధన్ వైపు ఇప్పుడు ఎటు చూసినా వరి. మా చెరుకు చేను కూడా మడిగా మారింది. యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో కొనుగోలు కేంద్రంలో తూకం వేస్తారు. అడ్మిషన్ల నాటికి ఆ పైసల్లో ఎంతో కొంత మిగిలే ఉంటుంది. మొన్న మా తమ్ముడు కూతురిని డిచ్‌పల్లిలో చేర్పించి వచ్చాడు. హాస్టల్ డిపాజిట్ కోసం ఎవరినీ అడగలేదన్నాడు. బ్యాగులో తొక్కు డబ్బాలు మాత్రం రెండు పెట్టి పంపారు.