ఓర్ఫియస్ విలాపం – శ్రుతి, నడక, మా గ్రామఫోను పెట్టె

మా నాయనగారి గ్రామఫోను పెట్టె పక్కన రికార్డులు రెండు దొంతరలుగా ఉండేవి. పెద్ద దొంతరలో తెలుగు భక్తి పాటలు, నాటక పద్యాలు. చిన్న దొంతరలో నాలుగైదు ఇంగ్లీషు రికార్డులు. వాటిలో ఒకటి కాథ్లీన్ ఫెరియర్ అనే ఇంగ్లండు గాయని 1946లో డెక్కా కంపెనీకి పాడినది. ఆ పాటను గురించే ఈ వ్యాసం. ఉత్సవ సంచికలో ఏడుపు పాట ఎందుకని పెద్దలు అడగవచ్చును. అది ఏడుపు పాటేనా అన్న విషయం మీద ఐరోపాలో చాలాకాలం వాదం నడిచింది.

ఆపెరా అంటే మొదటి నుండి చివరి దాకా సంగీతంతో నడిచే నాటకం. అందులో కథ కాసేపు ఆగి, పాత్ర తన మనసు విప్పి పాడే పాటను ఆరియా అంటారు. మన హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను పద్యాలను తలచుకుంటే చాలు, సంగతి బోధపడుతుంది. మేము చెప్పే ఆరియా గ్లుక్ అనే సంగీతకర్త కూర్చిన 'ఓర్ఫియో' అనే ఆపెరాలోనిది. అది 1762 అక్టోబరు 5న వియన్నా నగరంలో మొదటిసారి ఆడింది. త్యాగరాజస్వామి పుట్టుకకు అయిదేళ్ళ ముందు మాట.

కథ గ్రీకులది. ఓర్ఫియస్ గొప్ప గాయకుడు. అతని భార్య యూరిడిసి పాము కాటుతో చనిపోతుంది. ఆదిపర్వంలో రురుడు, ప్రమద్వరల కథ చదివినవారికి ఇది కొత్తగా తోచదు. రురుడు తన ఆయుర్దాయంలో సగం ఇచ్చి, కాబోయే భార్యను బ్రతికించుకున్నాడు. ఓర్ఫియస్ తన పాటతో యమలోకాన్నే కరిగించాడు. అయితే పైకి వచ్చేవరకు ఆమె ముఖం చూడరాదని నియమం. అతడు ఆగలేక తిరిగి చూశాడు, ఆమె రెండవసారి మరణించింది. ఆ క్షణాన వచ్చేదే ఈ ఆరియా. (గ్లుక్ ఆపెరాలో ప్రేమదేవత దయతలచి ఆమెను మళ్ళీ బ్రతికిస్తుంది.)

ఇక వింత ఏమిటంటే, ఇంత దుఃఖాన్ని గ్లుక్ సి మేజర్‌లో కూర్చాడు. అంటే మన ధీరశంకరాభరణం స్వరాలు, ఒకటో శ్రుతి. దుఃఖానికి ముఖారి, శివరంజని వంటివి వెతుక్కునే మనకే కాదు, పాశ్చాత్యులకూ ఇది ఆశ్చర్యమే. వారి అలవాటు ప్రకారం మేజర్ సంతోషానికి, మైనర్ విషాదానికి. హాన్స్‌లిక్ అనే విమర్శకుడు 1854లో అచ్చయిన తన పుస్తకంలో ఈ పాటనే ఎత్తి చూపాడు. పోగొట్టుకున్నానని చెప్పే మాటలు తీసివేసి, దొరికిందని చెప్పే మాటలు పెట్టినా ఈ బాణీ చక్కగా సరిపోతుందని అతని వాదన.

గ్లుక్ దీనికి ముందే జవాబు చెప్పి ఉన్నాడు. 1770లో అచ్చయిన మరొక ఆపెరాకు రాసిన అంకితంలో, ఈ ఆరియాలో పాడే తీరు కొంచెం మార్చినా అది బొమ్మలాట గంతుగా మారిపోతుందని హెచ్చరించాడు. మా మట్టుకు మాకు గ్లుక్ మాటే నచ్చింది. ఈ పాటలో దుఃఖం స్వరాలలో లేదు, నడకలో ఉన్నది. పల్లవి మూడుసార్లు వస్తుంది. మధ్యలో రెండు చోట్ల ఓర్ఫియస్ ఆమెను పేరుపెట్టి పిలుస్తాడు, జవాబు రాదు. ఆ నిశ్శబ్దానికి చోటివ్వకుండా తొందరపడి పాడితే హాన్స్‌లిక్ గెలుస్తాడు.

శ్రుతి మారితే ఏమీ కాలేదని చరిత్రే చెబుతుంది. వియన్నాలో దీన్ని పాడినవాడు గ్వాదాన్యి, బాల్యంలోనే శస్త్రచికిత్స చేసి స్త్రీ స్థాయి గొంతు నిలిపిన గాయకుడు. 1774లో పారిస్‌లో లెగ్రో అనే హెచ్చు స్థాయి పురుష గాయకునికోసం గ్లుక్ దాన్ని ఎఫ్ మేజర్‌కు ఎత్తాడు. మన లెక్కలో మధ్యమ శ్రుతి అన్నమాట. 1859లో బెర్లియోజ్, పోలీన్ వియార్డో అనే గాయనికోసం మళ్ళీ సి మేజర్‌కు దించాడు. అసలు ఆ రోజుల్లో ఊరికొక శ్రుతి ఉండేది. అదే 1859లో ఫ్రాన్సు ప్రభుత్వం ఏ స్వరానికి సెకనుకు 435 కంపనాలని చట్టం చేసింది. 440 అన్న ఒప్పందం 1939లో లండన్ సమావేశంలో కుదిరింది. పాట ఇన్ని మెట్లు ఎక్కి దిగినా విలాపం విలాపంగానే ఉన్నది.

ఫెరియర్ 1912లో పుట్టింది. మొదట టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగం. స్త్రీ గొంతులలో అన్నిటికంటె కింది స్థాయి ఆమెది. ఈ పాటను ఇంగ్లీషు మాటలతో, చాలా నిదానంగా పాడింది. ఈ మధ్య దశాబ్దాలలో పాతకాలపు వాద్యాలతో పాడేవారు ఇంతకంటె చురుకుగా నడిపిస్తున్నారు. 1953 ఫిబ్రవరిలో లండన్ కోవెంట్ గార్డెన్‌లో ఇదే ఓర్ఫియస్ పాత్ర వేస్తూ ఉండగా, క్యాన్సర్ వల్ల బలహీనపడిన ఆమె తొడ ఎముక విరిగింది. అయినా ఆట పూర్తి చేసింది. ఆ అక్టోబరులో కన్నుమూసింది. ఇది తెలిసినవారు రికార్డులో ఆ బాధ వినబడుతుందంటారు. కాని 1946లో ఆమెకు ఆ జబ్బు సంగతే తెలియదు. వినబడేది నడక మాత్రమే.

ఇప్పుడు మా పెట్టె సంగతి. ఆ రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరగాలి. సుమారు 83 తిరిగితే పాట ఒక స్వరస్థానం పైకి పోతుంది, నాలుగు నిమిషాల పాట పదిహేను సెకన్లు ముందే ముగుస్తుంది. 74కు తగ్గితే ఒక స్వరస్థానం దిగుతుంది, నడక మందగిస్తుంది. శ్రుతి, లయ రెండూ ఒకే తాడున కట్టిన ఎడ్లవలె కలిసి పోతాయి. మా పెట్టెలో స్ప్రింగు అరిగిపోయి, మూడవ పల్లవికి వచ్చేసరికి బలం చాలేది కాదు. గొంతు మెల్లమెల్లగా కిందికి జారేది. ఓర్ఫియస్‌కు ఓపిక అయిపోయిందని మేమందరం అనుకునేవాళ్ళం. మా అమ్మ ఆ చోట పని ఆపి నిలబడేది.

తరువాత ఎల్.పి.లో అదే పాట విన్నాము. మూడవ పల్లవి ఎక్కడా జారలేదు. మొదట ఎంత నిబ్బరంగా ఉన్నదో చివరా అంతే. మేము ఏళ్ళ తరబడి విన్నది సగం ఫెరియర్ పాట, సగం అరిగిన స్ప్రింగు. సంగతి నాయనగారికి చెప్పి, పాట మధ్యలో ఇంకోసారి కీ తిప్పితే సరిపోతుందన్నాము. ఆయన నవ్వి, చెయ్యి అడ్డం పెట్టి, "ఉండనివ్వరా" అన్నారు.