రాట్నము ఆగిన ఇల్లు

1828వ సంవత్సరమున వంగదేశపు ‘సమాచార్ దర్పణ్’ వారపత్రికలో ఒక స్త్రీ విన్నపము అచ్చయ్యెను. శ్రీరామపురపు మిషనరీలు 1818లో నెలకొల్పిన పత్రిక అది. విన్నపము చేసికొన్నది నేతకు పేరుపడిన శాంతిపురమున నూలు వడికి బ్రదికిన ఒక వితంతువు. ఆమె తన పేరు చెప్పుకొనలేదు. నూలు వడుకు దుఃఖినినని మాత్రమే చెప్పుకొన్నది. చేతిలోని పని పోయిన తల్లి తన గోడును తానే వినిపించిన పత్రములు మన దేశచరిత్రలో మిక్కిలి అరుదు. కావున దీనిని కొంచెము నిదానముగా పరిశీలింతము.

ఆమె తన వయస్సును గండాలలో చెప్పినది. గండా యనగా నాలుగు. మన పుంజీ వంటి లెక్క. అయిదున్నర గండాల ప్రాయమున, అనగా 22 ఏండ్లకు, భర్త పోయెను. ముగ్గురు ఆడపిల్లలు, వృద్ధులైన అత్తమామలు మిగిలిరి. ఒంటిమీది నగలు భర్త శ్రాద్ధమునకే చెల్లిపోయినవి. ఇల్లు పస్తులకు దిగిన వేళ ఆమె రాట్నమును, తకిలిని చేపట్టెను. ఉదయము ఇంటిపని ముగించి మధ్యాహ్నము వరకు రాట్నము ముందు కూర్చుండును. పిదప వండి, పెద్దలకును పిల్లలకును పెట్టి, తాను తిని, మరల తకిలిపై సన్ననూలు తీయును. ఈ విధముగా తులమెత్తు నూలు తయారగును. సాలెవాండ్రు ఇంటికే వచ్చి రూపాయకు మూడు తులముల వంతున కొనిపోవుచుండిరి. అడిగినపుడు బయానా కూడ ఇచ్చుచుండిరి. ఏడు గండాల రూపాయలు, అనగా 28, కూడబెట్టి ఆమె ఒక కుమార్తె పెండ్లి చేసినది. తక్కిన యిద్దరికిని అటులనే చేసినది. మామగారు గతించినపుడు సాలెవాండ్ర వద్ద 44 రూపాయలు అప్పు తెచ్చి శ్రాద్ధము పెట్టి, ఏడాదిన్నరలో ఆ ఋణము తీర్చినది.

దీనిని కూలి యొక్కటేగా చూచుట చాలదని మాకు తోచుచున్నది. బిడ్డ యేడ్చినచో దారము నిలిపి లేవవచ్చును. పొయ్యిమీది అన్నము చూచి వచ్చి మరల కూర్చుండవచ్చును. గడప దాటనక్కరలేదు. కొనువాడు ఇంటికి వచ్చును, అప్పిచ్చువాడును వాడే. పసిపిల్లల తల్లికి ఇన్నియు అమరిన పని మరియొకటి దొరకునా? ఇట్లు బ్రదికినవారు కొలదిమంది కారు. 1811-12 ప్రాంతమున పాట్నా, గయ సీమలను సర్వే చేసిన ఫ్రాన్సిస్ బుకానన్, అక్కడ 3 లక్షల 30 వేలకు పైగా స్త్రీలు నూలు వడుకుచున్నారని అంచనా వేసెను.

విన్నపము నాటికి మూడేండ్లుగా సాలెవాండ్రు ఆ గడప త్రొక్కలేదు. అంగడికి పంపినను పూర్వపు ధరలో నాలుగవ వంతునకైనను నూలు అమ్ముడుపోదు. విచారింపగా విలాయతి నూలు దిగుమతి యగుచున్నదనిరి. తన నూలుకు అది సాటి రాదని ఆమె గర్వము. సంపాదించి చూచెను. అది తనదానికన్న మేలుగా నున్నది! వెల సేరు మూడు నాలుగు రూపాయలు. సేరునకు 80 తులముల లెక్కన ఆమె నూలు సేరు 26 రూపాయలకు మించును. సన్నదనమున భేదముండవచ్చును గాని, ఇంత అంతరము ముందు ఏ చేతి నేర్పు నిలువగలదు?

ఆ చౌకవెల చూచి ఆమె చేసిన ఊహ మమ్ము కదలించినది. సీమలో అందరును సంపన్నులే యని ఆమె నమ్మియుండెను. ఇంత శ్రమను ఇంత తక్కువకు అమ్ముకొనుచున్నారన్నచో, అక్కడ తనకన్న నిరుపేద స్త్రీలున్నారని తలచి జాలిపడెను. ఇచటికి నూలు పంపుట న్యాయమో కాదో యోచింపుడని ఆ స్త్రీలనే వేడుకొన్నది.

నూలు తీసినది యంత్రములు. ఆర్క్‌రైట్ యంత్రమునకు 1769లో పేటెంటు వచ్చెను. క్రాంప్టన్ ‘మ్యూల్’ 1779 నాటిది. అయినను ఆమె జాలి వ్యర్థము కాదు. ఆ యంత్రములు ఇంగ్లండు పల్లెలలోని రాట్నములను ఒక తరము ముందే ఆపినవి. అక్కడి తల్లులకును ఇంటి పట్టున చేసికొను పనియే కావలసివచ్చెను. బెడ్‌ఫర్డ్, హెర్ట్‌ఫర్డ్, బకింగ్‌హామ్ మండలములలో వారు టోపీలకై గోధుమగడ్డిని జడలుగా అల్లసాగిరి. నెపోలియన్ యుద్ధములలో ఇటలీ సరకు ఆగుటచే కొంతకాలము మంచి వెల పలికినది. పసివాండ్రను కూడ అల్లిక బడులలో కూర్చుండబెట్టిరి. ఆ బడులలో చదువుకన్న అల్లికయే హెచ్చు. 1870 తరువాత చైనా, జపానుల చౌక అల్లికలు వచ్చి ఆ పనియు క్షీణించెను.

వంగదేశమున రాట్నము వదలినవారికి మిగిలిన ముఖ్యాధారము ధాన్యము దంపుట. ఢెంకి యనునది కాలితో త్రొక్కు దంపుడు సాధనము. కూలి పెక్కుచోట్ల గింజల రూపమున లభించును. ఇదియు పెరటిలోని పనియే. బిడ్డ కనుచూపు మేరలో నుండును. ఇరువదవ శతాబ్దమున బియ్యపు మిల్లులు వచ్చి దానిని కూడ హరించినవి. మన కృష్ణా గోదావరి డెల్టాలలో రోకటి చప్పుడు అణగిన కథయు ఇట్టిదే. మిల్లువలన తల్లులకు రెక్కల నొప్పి తప్పినది నిజము. కాని సొంత ధాన్యము దంపుకొను ఇల్లాలికి అది విశ్రాంతి. పరుల ధాన్యము దంపి బిడ్డలను పోషించు దానికి పస్తు. ఈ భేదమును మన చరిత్రగ్రంథములు చాలినంతగా పట్టించుకొనలేదు. సాలెవాని కష్టము విస్తారముగా వ్రాయబడినది. చౌకనూలు అతని మగ్గమునకు కొంతకాలము తోడ్పడినది కూడ. ముందుగా కూలినది నూలు తీసిన చేయి.

శాంతిపురపు విన్నపమును ఒక శతాబ్ది పిదప గాంధీజీ తమ ‘యంగ్ ఇండియా’లో పునర్ముద్రించిరి. అప్పటికి అఖిల భారత చరఖా సంఘము ఏర్పడి యుండెను. అది 1925లో స్థాపితము. రాట్నము తిరిగి వచ్చినను కూలి మాత్రము అతి స్వల్పముగనే యుండెను. వడుకువారికి కడుపునిండు కూలి దక్కవలెనని 1935లో గాంధీజీయే పట్టుపట్టవలసివచ్చెను. శ్రీకాకుళం జిల్లా పొందూరులో స్త్రీలు వాలుగచేప దవడ ఎముకతో దూదిని శుభ్రపరచి, ఏకులు చేసి, ఇండ్లలోనే సన్ననూలు వడుకు పద్ధతి నేటికిని నిలిచియున్నది. ఆ ఖద్దరు ధరించువారు వెల ఎంత యని అడుగుదురు. అందులో నూలు తీసిన ఇల్లాలికి ఎంత ముట్టినదో కూడ అడుగవచ్చును.