పుట్టినరోజు లేని రచయిత్రి

మా బడి లైబ్రరీ గది బయట ఒక నల్లబోర్డు ఉంది. దాన్ని మూడు గళ్ళు చేసి, ప్రతి నెలా మొదటి తారీఖున ‘ఈ నెల పుస్తకం’, ‘ఈ నెల రచయిత’, ‘ఈ నెల సినిమా’ అని పిల్లలచేత రాయించడం నా పని. పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల బళ్ళలో తెలుగు టీచరుగా పనిచేసిన ఇన్నేళ్ళలో ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి ఈ అలవాటు నాతో వచ్చింది.

ఎంపికకి పెద్దగా ఆలోచించేదాన్ని కాదు. జయంతుల క్యాలెండరు ముందు పెట్టుకుంటే సగం పని అయిపోయేది. ఆగస్టు 29 గిడుగు. సెప్టెంబరు వచ్చిందంటే ఎవర్ని పెట్టాలో, ఎవర్ని వదలాలో తెలిసేది కాదు: 10న విశ్వనాథ, 21న గురజాడ, 28న జాషువా. వీరేశలింగం ఏప్రిల్ 16న పుట్టాడు కనుక పరీక్షల హడావిడిలో పడిపోయేవాడు. శ్రీశ్రీ ఏప్రిల్ 30న పుట్టి వేసవి సెలవుల పాలయ్యాడు. ఇంతకుమించి నా ఎంపికలో ఎవరికైనా అన్యాయం జరుగుతోందని నాకు తోచలేదు.

ఒక విద్యా సంవత్సరం చివర ఆ ఏడాది బోర్డు మీద రాసినవన్నీ రిజిస్టరులోకి ఎక్కిస్తున్నాం. రాస్తున్న తొమ్మిదో తరగతి పిల్ల తలెత్తి, “మేడం, ఆడవాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దర్నీ మార్చిలోనే పెట్టారేంటి?” అని అడిగింది. మార్చి 8 వస్తుంది కదా, అందుకని. మార్చి అంటే పరీక్షల నెల, లైబ్రరీ తలుపు తీసే తీరిక ఎవరికీ ఉండదు. అంటే నేను రచయిత్రుల్ని ఎవరూ చదవని నెలలో పెట్టాను. స్త్రీవాద పత్రికలు తెప్పించుకుని చదివేదాన్ని, అప్పుడప్పుడూ రాసేదాన్ని కూడా. ఆ పిల్లకి ఏం చెప్పాలో తోచలేదు.

సరే, మన ఊరి నుంచే మొదలుపెడదాం అనుకున్నాను. మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలు ఈ పిల్లలందరికీ తెలుసు. తిరుపతమ్మ తిరునాళ్ళకి వెళ్ళని ఇల్లు ఇక్కడ ఉండదు. ఆ ఊళ్ళోనే పుట్టిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పేరు కొందరు విన్నారు. ఆయన అక్క భండారు అచ్చమాంబ పేరు ఒక్కరూ వినలేదు. తెలుగు ఎమ్మే చదివిన నేను కూడా ఆమె గురించి చదివింది ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకి.

తండ్రి చిన్నప్పుడే పోయాడు. పదేళ్ళకి పెళ్ళి. భర్త ఉద్యోగరీత్యా మధ్యపరగణాలకి కాపురం వెళ్ళింది. తమ్ముణ్ణి తన దగ్గరే పెట్టుకుని నాగపూరులో చదివించింది. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తనూ నేర్చుకుంది. బడి మెట్టు ఎక్కకుండానే తెలుగు, హిందీ, మరాఠీ, ఇంగ్లీషు పుస్తకాలు చదవగలిగే స్థితికి వచ్చింది. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగం వెలువడింది. ఆడవాళ్ళ చరిత్రని ఒక ఆడమనిషి వెతికి, పోగుచేసి, తెలుగులో రాసిన తొలి పుస్తకం అది. మొదటి భాగంలో చరిత్రకాలపు భారత స్త్రీలు, రెండో భాగంలో వేద పురాణ బౌద్ధ కాలాల స్త్రీలు, మూడో భాగంలో విదేశాల స్త్రీలు అని ఆమె ప్రణాళిక. ఆడవాళ్ళకి బలం లేదనీ, తెలివి లేదనీ, చదివిస్తే చెడిపోతారనీ అనే మాటలకి ఉదాహరణలతో జవాబు చెప్పడం ఆమె ఉద్దేశం. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ‘హిందూసుందరి’ పత్రికలో కథలు, వ్యాసాలు రాసింది. 1905 జనవరి 18న పోయింది. అప్పటికి ముప్ఫై ఒకటి కూడా నిండి ఉండవు.

ఆమె పుస్తకం వచ్చిన 1901లోనే తమ్ముడు లక్ష్మణరావు, మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు తదితరులతో కలిసి హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం స్థాపించాడు. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలుపెట్టాడు. చందాదారుల్ని చేర్చుకుని, తెలుగువాళ్ళు ఏం చదవాలో ఎంచి, ఆ పుస్తకాలు రాయించి అచ్చువేయడం మండలి పని. ఈనాటి మా నల్లబోర్డుకి ఇది పూర్వీకురాలనే చెప్పాలి. ఆ మండలి పుట్టేనాటికి అక్క చనిపోయి ఏడాది దాటింది. అదే 1906లో పుట్టిన కూతురికి లక్ష్మణరావు అక్క పేరే పెట్టుకున్నాడు. ఆ పిల్లే తర్వాత డాక్టరై, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి గెలిచిన కొమర్రాజు అచ్చమాంబ. ఆ తమ్ముడు అక్కని మరిచిపోలేదు. మరిచిపోయింది మన పాఠ్యపుస్తకాలు, మన జాబితాలు, నాలాంటి టీచర్లు. తెలుగులో తొలి కథ ఏదంటే 1910 నాటి ‘దిద్దుబాటు’ అని నేను పిల్లలచేత ఎన్నిసార్లు రాయించానో లెక్కలేదు. అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే అచ్చయింది. సంగిశెట్టి శ్రీనివాస్ ఆమె కథల్ని వెలికితీసి 2010లో పుస్తకంగా తెచ్చేదాకా అవి మనలో ఎక్కువమందికి దొరకనే లేదు. తొలి కథ ఏదన్న వాదం ఎటు తేలినా, అందులో ఆమె పేరు వినపడటానికే నూరేళ్ళకి పైగా పట్టింది.

అచ్చమాంబని బోర్డు మీదికి తెద్దామని క్యాలెండరు తీశాను. తమ్ముడు పుట్టింది 1877 మే 18. అక్క పుట్టింది 1874. అంతే. నెల లేదు, తారీఖు లేదు. ఒకే తల్లికి, ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరిలో ఒకరికి పుట్టినరోజు ఉంది, ఇంకొకరికి లేదు.

అప్పుడు నా క్యాలెండరు మీద అనుమానం మొదలైంది. మొల్ల ఏ రోజు పుట్టింది? ముద్దుపళని ఏ రోజు పుట్టింది? పుట్టినరోజే కొలబద్ద అయితే వీళ్ళు ఏ నెలలోనూ రారు. జయంతుల పట్టిక ఎవరి పక్షమూ వహించదని అనుకుంటాం. కానీ అందులో చేరాలంటే పుట్టిన రోజుని ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి. ఎవరి పుట్టుక రాసిపెట్టదగ్గదో ఆ ఇల్లు ముందే తేల్చేస్తుంది.

ఈ మాట నాకు వేరే పుస్తకాలు చూసి తెలుసుకోవలసిన అవసరం లేదు. మా ఇంట్లో అన్నయ్య పుట్టిన ఘడియ పాత పంచాంగం వెనకట్ట మీద మా నాన్న రాసిపెట్టాడు. నాది లేదు. “పత్తి తీతలప్పుడు పుట్టావు” అంటుంది మా అమ్మ. పత్తి తీతలు చలికాలంలో. నా సర్టిఫికెట్లలో మాత్రం జూలై 1 ఉంది. బడిలో చేర్చిన రోజు మాస్టారు అడిగితే మా నాన్నకి గుర్తులేక, మాస్టారే ఒక తేదీ వేశారు. పాత అడ్మిషన్ రిజిస్టర్లు తిరగేసిన టీచర్లకి తెలుసు, జూన్ 1న, జూలై 1న పుట్టినవాళ్ళు ఎంతమంది ఉంటారో. ఆ తేదీ మీదే ఉద్యోగంలో చేరాను, ఆ తేదీ మీదే రిటైరవుతాను. మా అమ్మకైతే ఆ తప్పుడు తేదీ కూడా లేదు.

పుట్టినరోజు ఒక అడ్డంకి. ఇంకోటి బీరువా. ప్రతి బడిలోనూ వార్తాపత్రికలు, పత్రికలు, కథల పుస్తకాలతో సహా లైబ్రరీ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. పుస్తకాలు వస్తాయి, బీరువాలో చేరతాయి, తాళం పడుతుంది. పుస్తకం పోతే లెక్క చెప్పుకోవలసింది ఇన్‌చార్జి టీచరు కనుక తాళం తీయడానికి ఎవరికైనా భయమే. నేనూ భయపడ్డాను. తాళం తీసి చూసినా అందులో ఆడవాళ్ళు రాసినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఏది పిల్లలకి ‘మంచి పుస్తకం’ అనేది చాలా పాత తగాదా. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ని అచ్చువేయిస్తే, 1911లో ప్రభుత్వం అశ్లీలమని ప్రతుల్ని పట్టుకుంది. నిషేధం తొలగడానికి 1947 రావలసి వచ్చింది. అది బడి పిల్లల పుస్తకం కాదు, నిజమే. కానీ ఆడది రాసిందాన్ని ముందు శీలపరీక్షకి పెట్టి ఆ తర్వాత చదవడం అనే అలవాటు అక్కడితో ఆగలేదు. మా అమ్మ తరం ఆడవాళ్ళు వీధి చివర అద్దె లైబ్రరీల నుంచి యద్దనపూడి సులోచనారాణి నవలలు తెప్పించుకుని, వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని చదివారు. బడి లైబ్రరీ మాత్రం వాటిని ‘కాలక్షేపం’ అని గుమ్మం బయటే ఉంచింది. నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ ‘పాత కెరటాలు’ శీర్షికతో ప్రపంచ నవలల్ని ఒక్కొక్కటిగా పరిచయం చేసింది. మా అమ్మ లాంటి పాఠకురాళ్ళకి ‘ఈ నెల పుస్తకం’ అంటే అదే. మాలతీ చందూర్‌ది డిసెంబరు 26. తారీఖు ఉండి కూడా నా క్యాలెండరుకి ఎక్కలేదు.

ఆ ఏడు జూన్‌లో పిల్లల్నే కూర్చోబెట్టి క్యాలెండరు పక్కన పెట్టేశాం. ఎవరు, ఎందుకు అన్నది పిల్లలు చెప్పాలి. చెప్పిన కారణం బోర్డు మీద పేరు పక్కన రాయాలి.

పెట్టేశామన్నా, సెప్టెంబరులో ఒక తారీఖు అచ్చొచ్చింది. 7న భానుమతి పుట్టినరోజు. ఒక్క మనిషి మూడు గళ్ళూ నింపింది. పుస్తకం ‘అత్తగారి కథలు’. రచయిత్రి తనే. సినిమాకి 1953లో మూడు భాషల్లో ఆమె దర్శకత్వం వహించిన ‘చండీరాణి’ అనుకుని, చివరికి ఆమె తొలి చిత్రం, 1939 నాటి ‘వరవిక్రయం’ వేశాం. కాళ్ళకూరి నారాయణరావు నాటకం, సి. పుల్లయ్య దర్శకత్వం. కట్నం కోసం తండ్రి ఆస్తి అమ్ముకోవడం చూడలేక పెద్దకూతురు కాళింది ప్రాణం తీసుకుంటుంది. రెండో కూతురు కమల ఆ కొనుక్కున్న పెళ్ళికొడుక్కి బుద్ధి చెబుతుంది. ఆత్మహత్య ఉన్న సినిమా పిల్లలకెందుకని ఒక సహోద్యోగి అభ్యంతరం చెప్పారు. ఆ మాట కొట్టిపారేయలేదు. సినిమాకి ముందూ తర్వాతా ఒక్కో పీరియడు మాట్లాడాం.

“ఒకతె చస్తేగానీ రెండోదానికి తెలివి రాకూడదా మేడం?” అని ఒకపిల్ల అడిగింది. ఇప్పుడైతే కాళింది చదువుకుని ఉద్యోగం చేసేదని ఇంకో అమ్మాయి అంది. వెంటనే వెనక బెంచీ నుంచి, “చదువుకున్న పిల్లకి ఇంకా ఎక్కువ అడుగుతున్నారు. మా అక్కకి అడిగారు” అని వినపడింది. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. ఆ పిల్ల మాట తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అచ్చమాంబ జాబితా గురించీ మాట్లాడుకున్నాం. ఆమెను పూజించడానికి కాదు. ఆమె పుస్తకం పేరులోనే ‘సచ్చరిత్ర’ ఉంది. అంటే ఆమె కూడా ఎంచింది, వడపోసింది. రాణులు, విదుషీమణులు, పతివ్రతలు వచ్చారు. పొలం పనికి పోయే ఆడవాళ్ళు రాలేదు. మా తరగతిలో మిరపకాయల కోతలప్పుడు తల్లుల వెంట కూలికి పోయి నెలరోజులు కనపడని పిల్లలు ఉన్నారు. వాళ్ళ నాయనమ్మలకి ఏ రత్నమాలలోనూ చోటు లేదు. అందుకే ఫిబ్రవరిలో గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ నుంచి, దళిత స్త్రీలు రాసినవి కొన్ని చదివి వినిపించాను. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చూపించి, చదువు రాని ఆడవాళ్ళు చెబితే రాసుకున్నది కూడా చరిత్రే అవుతుందని చెప్పాను. కోతల నుంచి తిరిగి వచ్చాక ముగ్గురు పిల్లలు నాయనమ్మల దగ్గర కూర్చుని రాసుకొచ్చారు. “మునేరు పొంగిన ఏడు పుట్టాను” అని ఒకావిడ చెప్పింది. ఏ పొంగో మనవరాలు ఇంకా వెతుకుతోంది.

అచ్చమాంబని ఏ నెలలో పెట్టాలన్నది మిగిలిపోయింది. జనవరి 18 ఉందిగా, అప్పుడు పెడదామన్నారు కొందరు. పుట్టిన రోజు తెలియని మనిషిని పోయిన రోజుతో గుర్తుపెట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. చివరికి బడి తెరిచే జూన్‌లో పెట్టాం, కొత్తగా చేరే ఆరో తరగతి పిల్లలు ముందు ఆమె పేరే చదవాలని. బోర్డు రాసే పిల్ల ‘జననం’ దగ్గర ఆగి, “మీ మాస్టారు మీకు వేసినట్టు మనమూ ఒక తేదీ వేసేద్దామా మేడం?” అంది.

వద్దన్నాను. 1874 అని మాత్రం రాయించి, నెలకీ తారీఖుకీ చోటు వదిలించాను. అది ఎందుకు ఖాళీగా ఉందో అడిగినవాళ్ళకి చెప్పే పని ఆ నెలంతా తొమ్మిదో తరగతి పిల్లలదే.