పోటీ పత్రికకే పాఠం చెప్పే విలేకరులు

చేతికందిన ఆధారాన్ని పక్క పత్రికవాళ్ల కంట పడనీయకపోవడం విలేకరికి మొదటినుంచీ అలవాటు. లెక్కలనూ రికార్డులనూ జల్లెడపట్టి వార్త తీసే డేటా జర్నలిజం ఈ అలవాటుకు ఎదురీది ఎదిగింది. అమెరికాలో ఏటా జరిగే ‘నైకార్’ సదస్సులో, సంచలన కథనం రాసిన విలేకరి ఆ లెక్క ఎలా తేల్చారో పోటీ పత్రికలవాళ్లకే కూర్చోబెట్టి నేర్పుతారు. ఈ ఔదార్యం వెనక ఒక హత్య, ఒక టేపు ఉన్నాయి.

1975లో అక్కడి పరిశోధనాత్మక విలేకరులు ‘ఐఆర్‌ఈ’ అనే సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది జూన్ 2న ఫీనిక్స్‌లో ‘అరిజోనా రిపబ్లిక్’ విలేకరి డాన్ బోల్స్ కారు కింద బాంబు పేలింది. పదకొండు రోజులకు ఆయన కన్నుమూశారు. ‘న్యూస్‌డే’కు చెందిన బాబ్ గ్రీన్ నాయకత్వంలో 28 వార్తాసంస్థల నుంచి 38 మంది అరిజోనాలో దిగారు. హంతకుల వేట పోలీసులకు వదిలి, ఆ రాష్ట్రంలో వేళ్లూనుకున్న అవినీతిని తవ్వారు. ఎవరు తెచ్చిన సమాచారమైనా అందరిదీ అనుకున్నారు. 1977లో 23 భాగాల కథనం వెలువడింది. విలేకరిని చంపినా వార్త చావదని రుజువైంది.

కంప్యూటర్ అప్పటికే వార్తల్లోకి వచ్చింది. 1967 డెట్రాయిట్ అల్లర్లలో చదువు అబ్బనివాళ్లే రోడ్డెక్కారని జనం నమ్మారు. విలేకరి ఫిలిప్ మేయర్ బృందం 437 మంది నల్లజాతివారిని ప్రశ్నించి, జవాబులను కంప్యూటర్‌కెక్కించింది. కాలేజీ గడప తొక్కినవాళ్లూ బడి మానేసినవాళ్లతో సమానంగా అల్లర్లలో ఉన్నారని తేలింది.

అసలు చిక్కు ప్రభుత్వ రికార్డులతో వచ్చింది. 1980లలో అవి అర అంగుళం వెడల్పు అయస్కాంత టేపు చుట్టల్లో ఉండేవి. వాటిని చదవడానికి పెద్ద మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరే కావాలి. రోడ్ ఐలండ్‌లో ‘ప్రావిడెన్స్ జర్నల్’ విలేకరి ఇలియట్ జాస్పిన్ స్కూలు బస్సు డ్రైవర్ల జాబితాను ట్రాఫిక్ కేసులతో, నేర శిక్షల రికార్డులతో సరిచూశారు. పిల్లల్ని బడికి చేరవేస్తున్నవారిలో మాదకద్రవ్యాలు అమ్మి శిక్షపడ్డవాళ్లూ ఉన్నారని బయటపడింది. తర్వాత ఆయన డేనియల్ వుడ్స్‌తో కలిసి, ఆ టేపులను మామూలు డెస్క్‌టాప్ కంప్యూటర్‌తో చదివించే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. దాంతో చిన్న ఊరి పత్రికకూ దారి దొరికింది.

జాస్పిన్ అక్కడితో ఆగలేదు. 1989లో మిస్సోరీ విశ్వవిద్యాలయంలో శిక్షణ సంస్థ ప్రారంభించారు. అట్లాంటాలో నల్లజాతి పేటలకు ఇళ్ల రుణాలివ్వని బ్యాంకుల గుట్టు విప్పిన బిల్ డెడ్‌మన్‌కు ఆ ఏడాదే పులిట్జర్ బహుమతి వచ్చింది. ఈ విద్య మాకూ కావాలని విలేకరులు క్యూ కట్టారు. 1994లో ఆ సంస్థే ఐఆర్‌ఈతో జతకట్టి ‘నైకార్’ అయింది. దాని సదస్సుల్లో ఉపన్యాసాలతో పాటు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చేయించే తరగతులూ ఉంటాయి. ఒకే మనిషి పేరు రెండు జాబితాల్లో రెండు రకాలుగా ఉంటే ఏం చేయాలి? ఖాళీ గడిని సున్నా అనుకుంటే లెక్క ఎక్కడ తప్పుతుంది? అచ్చులో కనిపించని ఇలాంటి మెలకువలు అక్కడే చేతులు మారతాయి.

ఈ పంచుకునే పద్ధతి దేశాల హద్దులూ దాటింది. విదేశీ డొల్ల కంపెనీల గుట్టు విప్పుతూ 2016లో ‘పనామా పేపర్స్’ పేరిట వెలుగుచూసిన కోటీ 15 లక్షల పత్రాలు మొదట ఒక జర్మన్ పత్రికకు చిక్కాయి. ఆ పత్రిక వాటిని దాచుకోలేదు. మన ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ సహా వందకు పైగా సంస్థలు కలిసి చదివాయి. అంత పెద్ద గుట్టను ఏ ఒక్క పత్రికా ఒంటరిగా తవ్వగలిగేది కాదు. కంప్యూటర్ ఎవరైనా కొనుక్కోవచ్చు. ఈ విలేకరుల అసలు ఆవిష్కరణ, తెలిసింది పదిమందికీ చెప్పే ఆ సంప్రదాయమే.