బాక్టీరియా ఆకలి, సుబ్బారావు అన్వేషణ

రాయపూర్ శివార్లలోని భన్‌పురిలోనైనా, భీమవరంలోనైనా పాలు తోడుపెట్టే వారికి ఒక సంగతి అనుభవంలో ఉన్నదే. వేసవిలో రాత్రి తోడు వేసిన పాలు తెల్లవారేసరికి పులిసిపోతాయి. చలికాలంలో అదే తోడు, అవే పాలు. అయినా గిన్నెకు గుడ్డ చుట్టి వెచ్చని చోట పెడితే తప్ప పెరుగు గట్టిపడదు. మరుగుతున్న పాలలో తోడు వేస్తే ఎంతసేపు ఆగినా తోడుకోదు. తోడులో ఉన్నవి ప్రాణమున్న బాక్టీరియా కావడమే దీనికి కారణం.

బాక్టీరియా పెరగడమంటే ఒక్కొక్కటి రెండుగా చీలడం. అన్నీ అనుకూలిస్తే మన పేగులలో ఉండే ఇ.కోలై అనే బాక్టీరియా సుమారు 20 నిమిషాలకు ఒకసారి చీలుతుంది. ఈ లెక్కన ఒక్క కణం 10 గంటలలో 30 సార్లు రెట్టింపై 107 కోట్లు దాటాలి. నిజానికి ఈ వేగం ఎంతోసేపు సాగదు. కొత్త ఆహారంలో పడిన బాక్టీరియా మొదట కొంతసేపు సర్దుకుంటుంది. తరువాత శరవేగంగా రెట్టింపవుతుంది. ఆహారం తరిగి, తాను విడిచిన ఆమ్లమే తనకు అడ్డయినప్పుడు పెరుగుదల నిలిచిపోతుంది. చివరకు కణాలు చనిపోవడం మొదలవుతుంది. పులిసిన పెరుగు మూడవ దశకు మంచి ఉదాహరణ.

ఉష్ణోగ్రత, ఆమ్లగుణం, నీరు, ఆక్సిజన్ ఈ పెరుగుదలను శాసిస్తాయి. ఎండబెట్టిన చేప చెడకపోవడానికి నీటి కొరత, ఊరగాయ నిలవుండడానికి ఉప్పు, పులుపు కారణాలు. వీటికి తోడు మరొక షరతు ఉంది. కొన్ని బాక్టీరియాలకు చక్కెర, లవణాలు, మాంసకృత్తుల ముక్కలు ఎన్ని ఇచ్చినా చాలవు. అత్యల్ప పరిమాణంలో ఏదో ఒక పదార్థం అందకపోతే అవి అసలు పెరగవు. ఈ చిన్న షరతే ఒక తెలుగు శాస్త్రవేత్త చేతిలో గొప్ప పనిముట్టు అయింది.

ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఆయన యౌవనంలో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ వ్యాధికి బలయ్యారు. ఈ వ్యాధిలో తిన్న ఆహారం ఒంటబట్టదు. విరేచనాలు, తీవ్రమైన రక్తహీనత మనిషిని పీల్చివేస్తాయి. సుబ్బారావుకు కూడా ఇదే జబ్బు సోకింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. మద్రాసులో వైద్యవిద్య ముగించి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పి, 1923 అక్టోబరులో బోస్టన్ చేరుకున్నారు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి శరీరద్రవాలలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాల శక్తికి మూలమైన పదార్థాలను వెలికితీసిన పనిలోనూ ఆయన భాగస్వామి. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారి, అనతికాలంలోనే పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యారు.

అప్పటికి రక్తహీనత గురించి ఒక సమస్య మిగిలి ఉంది. లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భవతులకు వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని 1931లో ప్రకటించింది. కాలేయంలోనూ అలాంటి గుణం ఉంది. అయితే ఆ గుణం ఏ పదార్థానిది? కాలేయపు రసంలో వేలాది పదార్థాలుంటాయి. ఒక్కొక్క భాగాన్ని వేరుచేసి రోగులమీదనో జంతువులమీదనో పరీక్షించాలంటే వారాలు, నెలలు పడుతుంది.

ఇక్కడ బాక్టీరియా సాయపడింది. పాలను పులియబెట్టే లాక్టోబాసిల్లస్ కేసియై అనే బాక్టీరియాకు కాలేయంలోనూ, ఈస్టులోనూ ఉండే ఒక అంశం తప్పనిసరి అని 1940 ప్రాంతంలో విస్కాన్సిన్‌లో స్నెల్, పీటర్సన్ గుర్తించారు. 1941లో టెక్సాస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూర నుంచి ఇలాంటి పదార్థాన్నే సాంద్రపరచి, ఆకుకు లాటిన్ మాటైన ఫోలియంను బట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు.

పరీక్ష పద్ధతి సులభం. ఈ ఒక్క అంశం తప్ప కావలసినవన్నీ ఉన్న ద్రవాన్ని పరీక్షనాళికలలో పోస్తారు. ఒక్కొక్క దానిలో పరీక్షించవలసిన సారాన్ని కొలిచి వేసి, బాక్టీరియాను చేర్చి వెచ్చగా ఉంచుతారు. అంశం లేని నాళిక తేటగా ఉండిపోతుంది. ఉన్న నాళిక మసకబారుతుంది. ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువ మసక, అంత ఎక్కువ ఆమ్లం. మిగిలినవన్నీ పుష్కలంగా ఉండి ఒక్కటే కొరతగా ఉన్నప్పుడు పెరుగుదల ఆ ఒక్కదానినే అనుసరిస్తుంది కదా! గ్రాములో వంద కోట్లో వంతు ఫోలిక్ ఆమ్లాన్ని కూడా ఈ బాక్టీరియా పసిగట్టగలదు. అప్పటి రసాయనిక త్రాసు ఏదీ ఈ పని చేయలేదు.

లెడర్లీలో స్టాక్‌స్టాడ్ ఈ పద్ధతినే దారిదీపంగా చేసుకుని 1943లో కాలేయం నుంచి శుద్ధమైన పదార్థాన్ని రాబట్టారు. సుబ్బారావు నడిపిన రసాయనవేత్తల బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసి, 1946లో నిర్మాణాన్ని వెల్లడించింది. త్వరలోనే స్ప్రూ రోగులలో రక్తహీనత ఈ మందుతో తగ్గుముఖం పట్టింది.

నిర్మాణం తెలియడంతో మరొక చిక్కుముడి విడిపోయింది. ఫోలిక్ ఆమ్లంలో పారా అమినో బెంజోయిక్ ఆమ్లం ఒక భాగం. సల్ఫా మందులు ఈ భాగాన్ని పోలి ఉండి బాక్టీరియాను మోసగిస్తాయని 1940లో ఇంగ్లండులో వుడ్స్ సూచించారు. చాలా బాక్టీరియాలు ఫోలిక్ ఆమ్లాన్ని తామే తయారుచేసుకోవాలి. మనం ఆహారంనుంచి పొందుతాం. కాబట్టి సల్ఫా మందు వాటి పెరుగుదలను ఆపుతుంది, మన కణాల జోలికి రాదు.

పెరుగుదలకు అవసరమైనదాన్ని పోలిన నకిలీ పెరుగుదలను ఆపుతుందన్న ఈ సూత్రమే కాన్సరుకూ వర్తించింది. సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగిందని 1948లో ప్రకటించారు. నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ దీని తోబుట్టువే.

అదే 1948లో లెడర్లీనుంచి ఆరియోమైసిన్ వెలువడింది. నేలలోని ఒక సూక్ష్మజీవినుంచి డగ్గర్ కనుగొన్న ఈ మందు టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. బాక్టీరియా మాంసకృత్తులు తయారుచేసుకోకుండా ఇది అడ్డుపడుతుంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 ఏళ్లు మాత్రమే.

స్ప్రూ రోగుల చిన్నపేగులో బాక్టీరియా మితిమీరి పెరుగుతుందని తరువాతి పరిశోధనలలో తెలిసింది. అందుకే నేడు ఉష్ణమండల స్ప్రూకు వైద్యులు కొన్ని నెలలపాటు రెండు మందులు కలిపి ఇస్తారు. ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండవది టెట్రాసైక్లిన్. ఒకటి మన కణాల పెరుగుదలకు కావలసినది, మరొకటి బాక్టీరియా పెరుగుదలను ఆపేది. ఇద్దరు సోదరులను పోగొట్టుకున్న మనిషి నడిపిన ప్రయోగశాలలనుంచే ఈ రెండు మార్గాలూ సాగాయి. ఆ సోదరులు మంచం పట్టిన రోజులలో ప్రపంచంలో ఏ వైద్యుని వద్దా ఈ మందులు లేవు.